పెంచలమ్మ మునిమనవరాలు కియారా: పేరు చివరి 'అ' ఎక్కడిది?

బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో పేరు రాయిస్తారు గదా, ఆ పేరులో మొదటి అక్షరం మీద జరిగినంత చర్చ చివరి అక్షరం మీద జరగదు. మొదటి అక్షరం పంతులు గారి చేతిలో ఉంటుంది. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్విని మొదటి పాదమైతే 'చు', రోహిణి రెండో పాదమైతే 'వా', ఆరుద్ర మూడో పాదంలో పుట్టిన బిడ్డకైతే పంచాంగం ప్రకారం 'ఙ' పడుతుంది, దానితో మొదలయ్యే పేరు ఎక్కడ నుంచి తెస్తారు పాపం, పంతులు గారే ఏదో ఒక సర్దుబాటు చెప్తారు. మొదటి అక్షరానికి ఇంత లెక్క ఉంది. చివరి అక్షరాన్ని ఎవరూ అడగరు, అయినా అది ముందే సీటు రిజర్వు చేసుకున్నట్టు వచ్చి కూర్చుంటుంది. ముఖ్యంగా ఆడపిల్ల అయితే, ఎన్ని పేర్లు వెతికినా చివరికి తేలేది ఎక్కువగా 'అ' దగ్గరే.

నెల్లూరు జిల్లా రాపూరు వైపు ఒక ఇంటి ఆడవాళ్ల పేర్లు ఇలా ఉన్నాయనుకుందాం: అవ్వ పెంచలమ్మ, ఆమె కూతురు సుజాత, సుజాత కూతురు శిరీష, శిరీషకి బెంగళూరులో పుట్టిన పాప కియారా. ఇంగ్లీషులో రాస్తే నలుగురికీ చివర ఒకటే 'ఏ'. తెలుగులో చూస్తే నాలుగూ నాలుగు దారుల్లో వచ్చిన పేర్లు. పెంచలమ్మ చివర ఉన్నది ఒక అక్షరం కాదు, ఒక అమ్మ. సుజాతది సంస్కృత వ్యాకరణం ఇచ్చిన స్త్రీలింగం. శిరీష ఒక చెట్టు. కియారా ఇటలీ పిల్ల. ఒకే అక్షరం కింద ఇన్ని సంగతులు దాక్కుని ఉన్నప్పుడు, 'అ తో ముగిసే పేర్లు' అని ఒకే జాబితాలో వెయ్యడం, చింతపండునీ చింతకాయ పచ్చడినీ చింతచెట్టు నీడనీ ఒకే డబ్బాలో పెట్టడం లాంటిది.

పెంచలమ్మ దగ్గరే మొదలుపెడదాం, ఈ ప్రాంతానికి సొంత పేరు అదే కాబట్టి. పెంచల అంటే పెనుశిల, పెద్ద బండ. రాపూరు మండలంలో కొండల మధ్య పెంచలకోనలో వెలసిన స్వామిని పెనుశిల నరసింహస్వామి అంటారు, ఆ పెనుశిలే జనం నోళ్లలో నలిగి పెంచల అయింది. పెను తెలుగు మాట, శిల సంస్కృతం, చివర అయ్యనో అమ్మనో చేరిస్తే మగబిడ్డ పెంచలయ్య, ఆడబిడ్డ పెంచలమ్మ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత పేర్లు చాలావరకు ఇలా ఊరి దేవతకో కొండ దేవుడికో అయ్య, అమ్మ తగిలించి పెట్టినవే. మాలకొండ నరసింహస్వామికి మొక్కుకుంటే మాలకొండయ్య (వారంలో ఒక్క శనివారమే తలుపులు తీసే గుడి అది). నర్రవాడ వెంగమాంబ పేరు మీద వెంగమ్మ, వెంగయ్య. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయిన సూళ్లూరుపేటలో చెంగాళమ్మ ఉంది, ఆమె పేరు మీద చెంగమ్మ, చెంగయ్య. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి ఉన్న నెల్లూరులో రంగయ్యలకీ రంగమ్మలకీ లోటు లేదు. మార్కాపురం వైపు పోతే చెన్నకేశవుడి చెన్నయ్య, చెన్నమ్మ, ఈ 'చెన్న'లో ఉన్నది చెన్ను, అంటే అందం, అచ్చమైన మన మాట. పేరు చెప్తే చాలు, ఆ మనిషి తల్లి ఏ గుడి మెట్లెక్కి మొక్కుకుందో తెలిసిపోయేది.

ఈ అలవాటు నిన్నా మొన్నటిది కాదు. 13వ శతాబ్దంలో నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి భారతంలో 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన పేరు విప్పి చూడండి, తిక్క పక్కన అన్న. ఆయన తండ్రి కొమ్మన, తల్లి అన్నమ. మిగిలిపోయిన అరణ్యపర్వాన్ని పూర్తి చేసిన గుడ్లూరు ఎర్రన కూడా అంతే, ఆయన్ని పోషించిన అద్దంకి రాజు ప్రోలయ వేమారెడ్డి పేరులో ప్రోలయ కూడా అంతే. వాడగా వాడగా అన్న అరిగి 'న' అయింది, నన్నయలో అయ్య అరిగి 'య' అయింది, రుద్రమలో అమ్మ అరిగి 'మ' అయింది. ఇప్పుడు బిడ్డకి రుద్రమ అని పెడితే ఎంత బావుందో అంటారు, రుద్రమ్మ అని పెడితే మాత్రం ముఖం చిట్లిస్తారు. రెండిటికీ మధ్య తేడా ఒక ఒత్తు. తిక్కన అని పెడితే ఏమంటారో చెప్పక్కర్లేదు, బళ్లో పిల్లలు ఆ బిడ్డని బతకనివ్వరు.

అయ్య, అమ్మ అన్నవి వట్టి గౌరవమే కాదు, ఏ భాష పేరొచ్చినా దాన్ని మన ఇంట్లో మనిషిని చేసే కొక్కెం లాంటివి. వెంకటాచలం దగ్గర కసుమూరులో మస్తాన్ వలీ దర్గా ఉంది, అక్కడ మొక్కుకున్న ముస్లింల ఇంట్లో పుడితే మస్తాన్ వలి, హిందువుల ఇంట్లో పుడితే మస్తానయ్య, మస్తానమ్మ. మస్తాన్ అన్నది పర్షియన్ వైపు నుంచి వచ్చిన మాట, దైవధ్యానంలో మత్తెక్కిన మనిషి అని. దానికి ద్రావిడ భాష అమ్మ అతుక్కుంది, ఆ అతుకు ఎక్కడా కనపడదు. క్రైస్తవుల పేర్లలోనూ అదే జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒంగోలు కేంద్రంగా పనిచేసిన రోజుల్లో, కరువు కాలం వెన్నంటే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాతి తరాల్లో బైబిలు పేర్లు ఊళ్లలోకి వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే ఉండిపోలేదు. మరియ మరియమ్మ అయింది, రూతు రూతమ్మ అయింది, ఎస్తేరు ఎస్తేరమ్మ అయింది. మాట అర్థాన్ని తెలుగులోకి తిప్పుకుని దీవెనమ్మ, కరుణమ్మ అని పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇంకో రకం కూడా చూడాలి. 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన సుందరరామిరెడ్డి, పేరులో కులం తోక వద్దనుకుని సుందరయ్య అయ్యారు. పుచ్చలపల్లి సుందరయ్య అంటే తెలియనివాళ్లు లేరు గానీ, ఆ అయ్య కోరి మార్చుకున్నదని చాలామందికి తెలియదు. రెడ్డి ఒక కులాన్ని చెప్తుంది, అయ్య ఎవరికైనా సరిపోతుంది.

సుజాతల సంగతి వేరు. అక్కడ ఉన్నది సంస్కృత సూత్రం, అదీ చాలా పాతది. పారస్కర గృహ్యసూత్రంలో నామకరణం చెప్పేచోట, మగబిడ్డ పేరులో రెండో నాలుగో అక్షరాలు ఉండాలని, ఆడబిడ్డ పేరులో బేసి సంఖ్య అక్షరాలు ఉండి చివర 'ఆ' కారం రావాలని స్పష్టంగా ఉంది. మనుస్మృతి కూడా స్త్రీల పేర్లు సుఖంగా పలికేట్టు, కటువుగా లేకుండా, చివర దీర్ఘంతో ఉండాలంటుంది. ఇప్పుడు మన ఊళ్లలో ఆడపిల్లల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టండి: సుజాత, సునీత, కవిత, విమల, శిరీష, హారిక, అనన్య, సహస్ర, ఆరాధ్య, అన్నీ మూడేసి అక్షరాలు, అన్నిటి చివరా ఒకటే ధ్వని. ఈ పేర్లు పెట్టిన తల్లిదండ్రుల్లో గృహ్యసూత్రాలు తిరగేసినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎవరూ చూడకపోయినా సూత్రం మాత్రం నడుస్తూనే ఉంది, చెవికి అలవాటైన లయగా. పారస్కరుడి లెక్కన తద్ధితం, అంటే ఇంకో పేరు నుంచి పుట్టించిన మాట, మగపిల్లలకి పనికిరాదు, ఆడపిల్లలకే. ఆ లెక్కన అత్రి వంశం వాడు అన్న అర్థంలో వచ్చే ఆత్రేయ మగపేరుగా చెల్లకూడదు. నెల్లూరు జిల్లా మంగళంపాడులో 1921లో పుట్టిన కిళాంబి వారి నరసింహాచార్యులు గోత్రాన్నే కలంపేరు చేసుకుని ఆచార్య ఆత్రేయ అయ్యారు, అది అంత బాగా చెల్లింది గనకే ఇప్పుడు కొడుకులకి ఆత్రేయ అని పెట్టుకుంటున్నారు.

అయితే తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఆ దీర్ఘానికి ఒక దెబ్బ తగిలింది. సంస్కృతంలో ఆడపిల్ల రమా, సీతా, సుజాతా. తెలుగు వాటిని తీసుకుంటూ చివరి దీర్ఘాన్ని కత్తిరించి రమ, సీత, సుజాత అంది. అంటే మనువు అడిగిన దీర్ఘం తెలుగులో పోయింది. పోయి ఎక్కడికి పోయిందంటే పిలుపులోకి. పొద్దుగూకే వేళ వీధి చివర ఆడుకుంటున్న పిల్లని ఇంటి గడప మీద నుంచి 'సుజాతా... ఆ... ఆ' అని పిలుస్తుంటే వినండి, కాగితం మీద లేని దీర్ఘం అక్కడ మూడు మాత్రలై బయటికొస్తుంది. నోరు పూర్తిగా తెరిస్తే గానీ పలకని అచ్చు 'ఆ', దాన్ని ఎంతసేపైనా లాగొచ్చు, ఎంత దూరమైనా విసరొచ్చు. 'జ్యోతీ' అనో 'బిందూ' అనో కూడా లాగొచ్చు గానీ అంత గొంతు ఊడిపడదు. రమేష్ లాంటి పొల్లు పేరైతే లాగడానికి ఏమీ దొరక్క, పిలిచేవాళ్లు సొంతంగా ఒక దీర్ఘం అతికించి 'రమేషా, ఇట్రా' అంటారు.

ఆ రమేష్‌ల దగ్గరే అసలు గందరగోళం మొదలైంది. పాత తెలుగులో మగవాడికి గుర్తు చివరి 'డు'. రాముడు మగ, రమ ఆడ, ఎవరికీ అనుమానం లేదు. కృష్ణుడు అంటే దేవుడు, కృష్ణ అంటే ద్రౌపదికి ఉన్న ఇంకో పేరు, సంస్కృతంలో కృష్ణా. 'డు' ఉన్నంతకాలం ఆ 'అ' ఆడపేరుకే మిగిలి ఉండేది. తర్వాత మగపిల్లల పేర్లలో 'డు' మోటు అనిపించి ఊడిపోయింది, ఆపైన హిందీ వైపు నుంచి పొల్లు పేర్లు దిగాయి. హిందీ వాళ్లు మాట చివర ఉన్న చిన్న 'అ' పలకరు, రామ వాళ్లకి రామ్, రమేశ వాళ్లకి రమేశ్. మనం ఆ పలుకుబడినే పేరుగా తెచ్చుకుని రమేష్, సురేష్, మహేష్, ప్రసాద్ అని పెట్టుకున్నాం, వెంకటేశ్వర్లు కొడుకు వెంకటేష్ అయ్యాడు. దాంతో తెలియకుండానే ఒక కొత్త వ్యాకరణం తయారైంది: పొల్లు ఉంటే మగ, 'అ' ఉంటే ఆడ. హర్షిత్ అబ్బాయి, హర్షిత అమ్మాయి. అఖిల్ అబ్బాయి, అఖిల అమ్మాయి. అంకిత్, అంకిత. నిఖిల్, నిఖిల. సంస్కృతంలో అయితే హర్షిత అంటే అబ్బాయి, అమ్మాయి కావాలంటే హర్షితా అనాలి. ఈ కొత్త లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, అయినా మన ఊళ్లలో ప్రసూతి వార్డు నర్సు దగ్గర నుంచి బడి పంతులు దాకా అందరికీ వచ్చు.

మరి కృష్ణ, సూర్య, ఆదిత్య, చైతన్య, చంద్ర ఎలా మగపేర్లుగా నిలబడ్డాయి? చూస్తే తెలుస్తుంది, వీటి చివర అన్నీ సంయుక్తాక్షరాలే. ష్ణ, ర్య, త్య, న్య, ంద్ర. అక్కడ 'అ' తీసేస్తే నాలుక తిరగదు, అందుకే హిందీ వాళ్లు కూడా దాన్ని పూర్తిగా మింగలేకపోయారు. ఆ సందులో నుంచి మగపేర్లకి 'అ' మిగిలింది. దీనివల్ల చిక్కు లేకపోలేదు. ఒంగోలులో చదువుకుని ఉత్తరాదికి ఉద్యోగానికి పోయిన చైతన్యకి 'డియర్ మేడమ్' అని మెయిల్ రావడం మామూలే, ఎందుకంటే మన దగ్గరే ఆ పేరు అమ్మాయిలకీ ఉంది, అబ్బాయిలకీ ఉంది, చైతన్యం అన్న మాటకి లింగమే లేదు.

లింగం లేదు అంటే, నిజంగానే లేదు. చైతన్యం, లావణ్యం, సౌజన్యం, సౌందర్యం, లాస్యం ఇవన్నీ సంస్కృతంలో నపుంసకలింగం. చివరి సున్న తీసేసి ఆడపిల్లలకి పెట్టుకున్నాం: లావణ్య, సౌజన్య, సౌందర్య, లాస్య. పేపర్లో ఫోటో కింద 'సౌజన్యం' అని చూసినప్పుడల్లా ఎవరో అమ్మాయి సున్న పెట్టుకుని వచ్చినట్టుంటుంది. తమాషా ఏంటంటే, ఒకప్పుడు ఇదే సున్నతో మగవాళ్లు హాయిగా బతికారు. జిల్లాకి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం గారి పేరులో ఉన్నది ఆ సున్నే. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో ప్రకాశం జిల్లా అయింది, అంటే ఒక మనిషి పేరు చివరి సున్న ఇవాళ లక్షలమంది చిరునామాలో ఉంది. నెల్లూరు వాళ్లు మావాడని చెప్పుకునే బాలసుబ్రహ్మణ్యం పేరులోనూ అదే సున్న. ఇప్పుడు అదే పేరు పెట్టాలంటే ప్రకాష్ అంటారు, లేదా సుబ్రహ్మణ్య అంటారు. సున్న ఆడవాళ్లకి 'అ' అయింది, మగవాళ్లకి పొల్లు అయింది.

శిరీష గురించి ఒక్క మాట. 'సుకుమారమైన పువ్వు' అని అర్థం చెప్పి పెడతారు, తప్పేం లేదు, కవులు ఆ పువ్వు మెత్తదనాన్ని బాగానే పొగిడారు. కానీ ఆ చెట్టు మనకి దిరిసెన చెట్టుగా తెలిసిందే, రోడ్ల పక్కన ఎండుకాయలు గలగలమంటూ గాలికి చప్పుడు చేసే చెట్టు. సంస్కృత శిరీషమే తెలుగులో దిరిసెన అయింది. ఒకే మాట రెండుసార్లు వచ్చి ఒకటి చెట్టు మీద ఉండిపోయింది, ఒకటి ఆడపిల్లల పేరై కూర్చుంది. దిరిసెన అని ఎవరూ పెట్టుకోరు. మల్లెజాతి పువ్వు పేరుని అచ్చ తెలుగులో పెట్టుకున్న కవయిత్రి మొల్ల ఒకరున్నారు గానీ, ఆ దారిలో ఎక్కువమంది పోలేదు. 'అ' తో ముగిసే ఆడపిల్ల పేరంటే సంస్కృతమే అయి ఉండాలన్న నమ్మకం అంత గట్టిది.

ఈ మధ్య పుట్టిన పిల్లల్లో ఎటు చూసినా 'ఇక'. హారిక, మౌనిక కాలం అయిపోయింది, ఇప్పుడు తన్విక, రిత్విక, యశ్విక, జోషిక. సంస్కృతంలో 'ఇకా' నిజంగానే ఉంది, బాలిక, మాలిక, గీతిక అలా పుట్టినవే, చిన్నదనాన్నీ ముద్దునీ చెప్పే ప్రత్యయం. తన్వి అంటే సన్నని ఒళ్లున్న పిల్ల, తన్విక అంటే దానికి ఇంకాస్త ముద్దు, బానే ఉంది. ఋత్విక్కు అంటే యజ్ఞం చేయించే పురోహితుడు, దానికి ఒక 'అ' తగిలిస్తే అమ్మాయి పేరు అయిపోతుందా అని అడిగితే సమాధానం దొరకదు. జోషికకి అర్థం వెతికి అలసిపోకండి. పాపకి పంతులు 'జో' చెప్పారు, అమ్మా నాన్నకి 'ఇక' నచ్చింది, మధ్యలో 'షి' ఎక్కడ నుంచో వచ్చి అతికింది. దాన్ని వెక్కిరించాల్సిన పని లేదు, పెంచలయ్య కూడా అలా ముక్కలు అతికించిందే, కాకపోతే అతికిన ముక్కలకి ఒక్కోదానికీ ఒక అడ్రసు ఉంది.

'ఆ' తో ముగిస్తే ఆడపేరే అనుకునేవాళ్లు ఒంగోలు వైపు ఏదైనా చర్చికి ఒక ఆదివారం వెళ్లి వినాలి. యెషయా, యిర్మీయా, జెకర్యా, ఎలీషా, అందరూ మగవాళ్లే, అందులోనూ ప్రవక్తలు. హీబ్రూలో ఆ చివరి 'యా' దేవుడి పేరు, యెహోవా అన్నదానికి పొట్టి రూపం. యెషయా అంటే యెహోవాయే రక్షణ, జెకర్యా అంటే యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడు. ఎలీషాలో దేవుడు ముందే వచ్చేశాడు, 'ఎలీ' దేవుడు, చివర ఉన్నది రక్షణ. అదే బైబిల్లో శారా, హన్నా, లేయా ఆడవాళ్లు, హన్నా అంటే కృప. హీబ్రూ స్త్రీలింగపు 'ఆ' కీ అరబిక్ స్త్రీలింగపు 'ఆ' కీ పుట్టిల్లు ఒకటే, అందుకే సలీం చెల్లెలు సలీమా అవుతుంది, కరీం చెల్లెలు కరీమా అవుతుంది, ఫాతిమా, ఆయిషా, ఖదీజా ఆ వరసలోవే. కానీ ఈసా, మూసా, ముస్తఫా మగవాళ్లు. ఖాజా కూడా మగవాడే, అది పర్షియన్ నుంచి వచ్చిన గౌరవ పదం. నెల్లూరులో ఖాజా అన్న పేరు వినని వీధి ఉండదు, తినే ఖాజాతో దానికి ఏ సంబంధమూ లేదు, బళ్లో మాత్రం ఆ పేరున్న ప్రతి పిల్లాడూ ఆ జోకు భరించే పెద్దవాడవుతాడు.

లాటిన్ వైపు చూస్తే ఇంకో ఆశ్చర్యం. సంస్కృతంలో కొత్తవాడు నవః, కొత్తది నవా. లాటిన్‌లో నోవుస్, నోవా. ఇది పోలిక కాదు, చుట్టరికం. రెండు భాషలూ ఒకే మూలం నుంచి విడిపోయినవి, స్త్రీలింగపు 'ఆ' ని రెండూ పుట్టింటి నుంచే పట్టుకెళ్లాయి. జూలియస్ కూతురు జూలియా కావడమూ, మన సుజాతుడి పక్కన సుజాత ఉండడమూ ఒకే పాత అలవాటు. లాటిన్‌లో తెల్లని వెలుగుని చెప్పే క్లారా ఇటలీ వాళ్ల నోట్లో కియారా అయింది. ఆ భాషలోనూ మాటలు ఎక్కువగా అచ్చులతోనే ముగుస్తాయి, అందుకే కియారా మన నాలుక మీద పరాయిగా అనిపించదు, సినిమా నటి పేరుగా వినపడ్డాక అసలే అనిపించదు. సోనియా రష్యన్ వాళ్లకి సోఫియా ముద్దుపేరు, గ్రీకులో సోఫియా అంటే జ్ఞానం. నటాషా నటాలియా ముద్దుపేరు, అందులో ఉన్నది క్రిస్మస్ పుట్టుక. ఇక మైరా. పేర్ల జాబితాల్లో దీనికి రకరకాల సంస్కృత అర్థాలు కనిపిస్తాయి గానీ, ఇది ఫుల్క్ గ్రెవిల్ అనే ఇంగ్లీషు కవి 400 ఏళ్ల కిందట తన ప్రేమ పద్యాల కోసం కల్పించుకున్న పేరు. ఆయన కూడా మన జోషిక వాళ్ల నాన్న లాగే చెవికి ఇంపుగా ఉంటే చాలనుకున్నాడు, చివర 'ఆ' పెట్టడం మాత్రం మర్చిపోలేదు.

ఇప్పుడు ఆఫీసు సంగతి. ఇంతసేపూ చెప్పిన తేడాలన్నీ ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గర మాయమైపోతాయి. రమ, రామ, రామా మూడూ అక్కడ ఒకటే. కల, కళ, కాలా ఒకటే. తకి టకి తేడా చూపించడానికని మనవాళ్లు టీ పక్కన ఒక హెచ్ వేస్తారు, ఉత్తరాది వాళ్లు వెయ్యరు, కాబట్టి అనిత రెండు రకాలు. న్యూమరాలజీ వాళ్లు చివర ఇంకో 'ఏ' వెయ్యమంటారు, అది తెలుగులోకి తిప్పితే లేని దీర్ఘం వస్తుంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడానికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీ రుజువుగా చూసేది జనన ధ్రువీకరణ పత్రాన్నే, అంచేత అందులో పడిన అక్షరం జీవితాంతం వెంట వస్తుంది. మంచి సంగతి ఏంటంటే తొందరపడక్కర్లేదు. పుట్టిన 21 రోజుల్లో పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు ఎక్కించుకోవచ్చు. పేరు రాసి ఇచ్చేటప్పుడు ముందు తెలుగులో, హ్రస్వమో దీర్ఘమో తేల్చుకుని, గుడి దీర్ఘాలు సరిగా పెట్టి రాసి, దాని కింద ఇంగ్లీషు రాసివ్వడం మేలు. ఇంగ్లీషు ఒక్కటే రాసిస్తే దాన్ని తెలుగులోకి ఎలా తిప్పాలన్నది కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఇష్టం, ఆయనకి మీ పాప రమో రామో ఎలా తెలుస్తుంది?

రాపూరు ఇంట్లో బారసాల అయిపోవచ్చింది. పళ్లెంలో బియ్యం మీద కియారా అని రాశారు, రా కి దీర్ఘం కాస్త వంకర పోయింది. పాప చెవిలో మూడుసార్లు పేరు చెప్పమని పెంచలమ్మని ముందుకి తోశారు. అవ్వ వంగి, 'కేరమ్మా' అంది. కియారా అనాలి అవ్వా, అని శిరీష నవ్వింది. సరేలే అని గొంతు సవరించుకుని, రెండోసారి కూడా 'కేరమ్మా' అంది.